పచ్చరింగు కోళ్ళు

ఇకమీదట రాష్ట్రంలో ఏ కోడికీ జబ్బు చేయదని పశుసంవర్ధక మంత్రిగారు రాంచీనుంచి మా ఇనుం కార్ఖానా ఊరికొచ్చి గోల్‌మురి మైదానంలో ప్రకటించారు. కోళ్ళ తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ప్రకటన ఏకగ్రీవంగా అమల్లోకి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సభకు మైకు సెట్టు నాది. మైకువాడు చప్పట్లు కొట్టకపోతే వచ్చే సభకు ఇంకొకడి సెట్టు మాట్లాడుకుంటారు.

ఇంత గొప్ప ఆలోచన ఎలా పుట్టిందో పాఠకులకు చెప్పాలి. ఆదిత్యపూర్‌లో మైత్రిగారని మన తెలుగావిడ ఉన్నారు. సైంటిస్టు. కోళ్ళు రోగాన్ని ఎలా తట్టుకుంటాయన్నది ఆవిడ చదువు. ఒక సెమినార్‌లో మాట్లాడుతున్నారు, మైకు నాదే. ముఖ్య అతిథి మంత్రిగారు ముందు వరసలో కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన నా స్పీకర్లో కూడా వినబడుతోంది.

మైత్రిగారు అన్నారు: "కోడి ఒంట్లోనే సూక్ష్మజీవుల్ని చంపే పెప్టైడ్లు ఉంటాయి. చిన్నచిన్న ప్రోటీన్ ముక్కలనుకోండి. తెల్లరక్తకణాల్లో ఉంటాయి, పేగు గోడల్లో ఉంటాయి, గుడ్డు తెల్లసొనలో కూడా ఉంటాయి. బాక్టీరియా పైపొరకి చిల్లులు పొడిచి చంపేస్తాయి. డాక్టరు రాకముందే కోడి తన యుద్ధం తను మొదలుపెడుతుంది. కానీ..."

డాక్టరు రాకముందే అన్న మాట దగ్గర మంత్రిగారికి మెలకువ వచ్చింది. లేచి నిలబడ్డారు. ఆయన లేచాక హాలంతా లేవక తప్పలేదు. శాలువా కప్పారు, జనగణమన పాడేశారు. ఆ 'కానీ' తర్వాత ఏముందో ప్రభుత్వం దగ్గర సమాచారం లేదు.

అలా పుట్టింది పెప్టైడ్ భరోసా పథకం. ఒంట్లోనే ఆయుధాలున్న కోడికి బయటనుంచి టీకా వేయడమంటే దాని పౌరుషాన్ని శంకించడమేనని మంత్రిగారు తేల్చారు. మా బర్మామైన్స్ వాడ జనం వెళ్ళే పశువుల ఆస్పత్రికి తాళం పడింది. కాంపౌండరు సన్యాసిరావుని ఆదిత్యపూర్ అవతల మంత్రిగారి సొంత కోళ్ళఫారానికి డెప్యుటేషన్ మీద పంపారు. టీకాలుండే ఫ్రిజ్ ఖాళీ ఆస్పత్రిలో దొంగలపాలవుతుందని దాన్ని కూడా ఆయన వెంటే పంపారు. ప్రభుత్వ ఆస్తి మీద అంత శ్రద్ధ ఉన్న మంత్రిని నేనింతవరకు చూడలేదు.

మా పక్కింటి సన్యాసమ్మకు రాజకీయ పరిజ్ఞానం తక్కువ. ఆమెకు డజను పెట్టలు, ఒక పుంజు. మొగుడు అసిరయ్య పోయాక ఆ గుడ్లే ఆమె పొయ్యి వెలిగిస్తున్నాయి. ఏటా ఎండలు ముదరకముందే కోళ్ళని గంపలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళి, కొక్కెర తెగులు రాకుండా వాటి కళ్ళల్లో చుక్కలు వేయించుకొచ్చేది. ఈసారీ గంప ఎత్తుకుని వెళ్ళింది. తాళానికి గంప చూపించి తిరిగొచ్చి, మా వార్డు నాయకుడు గౌరీశంకర్ని పట్టుకుంది.

"ఏటి గౌరీ, కోల్లకి సుక్కల్లేవట?"

"అవసరం లేదత్తా. నీ కోడి లోపలే మందు ఉంది."

"లోపలుంటే మరి పోయినేడు సింహాచలమ్మ కోల్లన్నీ మెడలు తిరిగి ఎందుకు సచ్చిపోనాయి?"

"అప్పుడు పథకం లేదు కదత్తా. టెన్షన్ మత్ లో."

గౌరీశంకర్ జవాబుల్లో నాకు నచ్చేది ఇదే. అడిగినవాళ్ళకి మళ్ళీ అడగబుద్ధి కాదు.

పథకం కింద ప్రతి కోడికీ కాలికి పచ్చరింగు తొడిగారు. రింగున్నది పథకం కోడి. వీధి మూల మీద, కార్ఖానా గేటు దగ్గర ప్రమాదాల బోర్డు పెట్టినట్టే ఒక బోర్డు పెట్టారు: 'ఈ వాడలో జబ్బుపడిన పథకం కోళ్ళు: సున్న'. సున్నని పెయింటుతో రాశారు, సుద్దముక్కతో కాదు. ఆ ధైర్యం చూస్తేనే సగం రోగాలు పారిపోవాలి.

మిగతా సగం పారిపోలేదు. పది రోజులకే సన్యాసమ్మ కాకిపెట్ట గూట్లో మూల నక్కి ఆకుపచ్చగా రెట్ట వేయడం మొదలెట్టింది. మర్నాడు ఇంకో రెండు మెడలు వాల్చేశాయి. సన్యాసమ్మ వెళ్ళి గౌరీశంకర్ని లాక్కొచ్చింది. అతను కాకిపెట్టని చూశాడు, బోర్డుని చూశాడు, వంగి కోడి కాలికున్న రింగు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఇది పథకం కోడి కాదత్తా. కాంట్రాక్టు కోడి."

గౌరీశంకర్ పార్టీలోకి రాకముందు ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. అక్కడ నేర్చుకున్న విద్య ఊరికే పోదు. అసిరయ్య కార్ఖానా షెడ్డులో కూలిగా పనిచేసింది ఆ కాంట్రాక్టరు కిందే. ఆయన పైనుంచి కిందికి పడేలోపే గేటుపాసు రద్దయింది కాబట్టి ఆ షెడ్డులో ప్రమాదం జరగలేదు. కార్ఖానా బోర్డు మీద సున్న కదల్లేదు.

వారంలో సన్యాసమ్మ గూట్లో కోళ్ళన్నీ కాంట్రాక్టు కోళ్ళయ్యాయి. సగం చచ్చాయి. మిగిలినవాటి మెడలు అటొకటి ఇటొకటి తిరిగాయి. సన్యాసమ్మ పసుపు కలిపిన నీళ్ళు పట్టింది, వెల్లుల్లి దంచి మింగించింది, రాత్రీ పగలూ గూటి ముందే కూర్చుంది. బోర్డు మాత్రం కళకళలాడుతోంది.

ఆ బోర్డు కీర్తి రాంచీదాకా వెళ్ళి, మంత్రిగారు స్వయంగా వచ్చి ఆదర్శ గూడు అవార్డు ఇస్తానన్నారు. ఎవరి గూడు అంటే సన్యాసమ్మదే. ఒంటరి ఆడమనిషి, పైగా వాడంతా తెలుగు ఓట్లు.

గౌరీశంకర్ ముఖంలో కంగారు ఒక్క నిమిషమే చూశాను. మంత్రిగారొచ్చే రోజు పొద్దున్నే చిన్న ట్రక్కు వచ్చింది. అందులోంచి పన్నెండు పెట్టలు దిగాయి. నాటుకోళ్ళలాగే రంగురంగులవి, కానీ ఒక్కోటీ రైల్వే గార్డులా నడుస్తోంది. ఎక్కడివని అడిగితే, మంత్రిగారి ఫారంవని, అక్కడ సన్యాసిరావు చాలా బాగా చూసుకుంటాడని డ్రైవరు చెప్పబోయాడు. గౌరీశంకర్ అతనికి టీ ఇప్పించాడు. కొనప్రాణంతో ఉన్న కాంట్రాక్టు కోళ్ళని గంపకింద మూసి మా ఇంట్లో మంచం కింద పెట్టారు. మంత్రిగారు మాట్లాడేటప్పుడు అవి మూలిగితే మైకు శబ్దం పెంచమని నాకు చెప్పారు.

మంత్రిగారు వచ్చారు. గూట్లోకి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రోజూ తన ఫారంలో మేత తినే కోళ్ళని గుర్తుపట్టలేకపోయారు. ప్రజలందరినీ సమానంగా చూసే మనిషికి అది సహజం. టీవీ కెమెరా ముందు పన్నెండింటికీ తన చేత్తో పచ్చరింగులు తొడిగారు.

"ఇవి ఈ తల్లి కోళ్ళు. వీటికి టీకా లేదు, డాక్టరు లేడు. ఒంట్లో పెప్టైడ్లు, గుండెలో ధైర్యం."

తర్వాత మైత్రిగారిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు పట్టుకుని, "కోడి ఒంట్లో సహజ రక్షణ ఉన్నమాట నిజమే. కానీ..." అన్నారు. గౌరీశంకర్ నావైపు చూశాడు. వైరు లూజయింది.

మంత్రిగారి కార్లు వెళ్ళాయి. టీవీ కుర్రాళ్ళు ఎదురు బడ్డీలో టీ తాగుతున్నారు. గౌరీశంకర్ ట్రక్కు వెనక్కి పెట్టించి గూటి తలుపు తీయబోయాడు. సన్యాసమ్మ తలుపుకి అడ్డంగా కూర్చుంది.

"లే అత్తా, కోళ్ళు ఎక్కించాలి."

"ఎవులి కోల్లు?"

"ఏటత్తా తెలీనట్టు. పైవాళ్ళకి తిరిగి పంపాలి."

"రింగు సూడు. మంత్రిగోరు తొడిగినారు. రింగున్న కోడి నాదే. రింగు లేనియి ఆ మంచం కిందున్నాయి, పట్టుకుపో. అయి ఎవులియో నాకు తెలీదు."

గౌరీశంకర్ గొంతు తగ్గించాడు. నాటకాలొద్దన్నాడు, పింఛను ఆగిపోతుందన్నాడు, చివరికి బతిమాలాడు. సన్యాసమ్మ గొంతు మాత్రం తగ్గలేదు, పెరగలేదు.

"మీ మావ సెడ్డులో పడిపోయినప్పుడు, పాసు లేనోడు మా మనిసి కాదని నువ్వే కదా సెప్పినావు. పాసుంటే ఆయన మీవోడే అయ్యీవోడు. ఇప్పుడీటికి పాసుంది. కాదంటే ఆ కెమెరా బాబుల్ని పిలుత్తాను. ఇయి ఎవులి ఫారంవో ఆళ్ళకి సెప్పి పట్టుకెల్లు."

గౌరీశంకర్ టీబడ్డీ వైపు చూశాడు. కెమెరా బాబు బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. ట్రక్కు ఖాళీగా వెళ్ళింది.

అసలు సమస్య ఆ తర్వాత పైవాళ్ళకి తోచింది. టీవీలో చూపించిన కోళ్ళు చస్తే పథకం చస్తుంది. అప్పటినుంచి సన్యాసిరావు మోటారుసైకిలు వెనక ఐసుపెట్టె కట్టుకుని, ముఖానికి రుమాలు చుట్టుకుని, అప్పుడప్పుడూ సన్యాసమ్మ గూటికి వస్తున్నాడు. ఆయనొచ్చే రోజు వాడలో కోళ్ళన్నీ ఆమె గూటికి చుట్టపుచూపుగా వస్తాయి. అన్నింటి కళ్ళల్లో చుక్కలు పడతాయి. పెట్టెలో ఏముందని అడిగాను. పెప్టైడ్లన్నాడు.

మా మంచం కింద బతికిన రెండు పెట్టలు కూడా ఆ పెప్టైడ్లే వేయించుకుని ఇప్పుడు గుడ్లు పెడుతున్నాయి. ఒకదానికి మెడ కొంచెం వంకర. బోర్డు మీద సున్న ఇప్పుడు నిజంగానే సున్న.

మనుషుల ఒంట్లో కూడా ఇలాంటి పెప్టైడ్లే ఉంటాయని ఈ మధ్య ఎవరో మంత్రిగారి చెవిన వేశారట. మొన్న ఇద్దరొచ్చి మా వీధి చివర మనుషుల ఆస్పత్రిలో ఫ్రిజ్ కొలతలు తీసుకుని వెళ్ళారు. నిన్న గౌరీశంకర్ టేపు పట్టుకుని ఇంటింటికీ వచ్చి అందరి మణికట్లూ కొలిచాడు.

సన్యాసమ్మ రెండు చేతులూ గూట్లో పెట్టి ఇప్పుడు ఖాళీ లేదంది. నేను చెయ్యి చాచాను. వచ్చే సభకు మైకు సెట్టు నాదే.