ఎర్రకారు రాస్తారోకో

ఆ పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. చాయ్‌లో రొట్టె ముంచుకుంటున్న తండ్రి సాంబయ్య, పొయ్యి దగ్గర తల్లి సత్యవ్వ, దుబాయి నుంచి వచ్చి మూడు నెలలైనా నల్లద్దాలు తీయని అన్న నరేందర్, సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మేనమామ దశరథం, మూలన డైరీ ఒళ్లో పెట్టుకున్న నీల. వాకిట్లోని ఎర్రకారును కలిపితే ఆరుగురు. మర్యాదలు ఎక్కువ జరిగేది దానికే.

నీల పదో తరగతి. హాజరు పలికితే సారుకు వినపడక ఆబ్సెంటు పడే పిల్ల. అలాంటిది ఆ రోజు పది గంటలకు జగిత్యాల దీక్షా శిబిరంలో మైకు ముందు నిలబడి, తెలంగాణ ఎందుకు కావాలో రెండు పేజీలు చదవాలి. పేరు తనే ఇచ్చింది. ఆ ధైర్యం ఎక్కడిదో డైరీకి కూడా చెప్పలేదు. సకల జనుల సమ్మెలో బస్సులు లేవు. కారే దిక్కు.

నరేందర్ రోజూ మెట్‌పల్లికి పోయేదీ, పాలక్యాను తెచ్చేదీ ఆ రెండు తలుపుల స్పోర్ట్సు కారులోనే. అయినా అది నేలను తాకీతాకనట్టు ఉండాలని అతని పట్టుదల. దానికి రెండు దార్లు. కాయిలోవర్లనే మరల స్ప్రింగులు బిగిస్తే మర తిప్పి కారును దించుకోవచ్చు, లేపుకోవచ్చు. పొట్టి స్ప్రింగులు బిగిస్తే దిగింది దిగినట్టే. వారం కింద ఈ పంచాయితీని దశరథం తెంపేశాడు.

"తిప్పే మర ఉన్నదంటే ఎవడో ఒకడు తిప్పుతనే ఉంటడు అల్లుడా. మా సాంచెల కాడ జూడు, షిఫ్టు మారితే మర మారుతది. స్ప్రింగే బిగియ్, నిమ్మలంగుంటది."

బిగించింది కూడా ఆయనే. సాంచెకు అలవాటైన చేతికి ఆ స్ప్రింగులు పొడుగనిపించాయి. చెప్పకుండా ఒక్కోదానికి రెండేసి చుట్లు కోసేశాడు. చూసింది నీల ఒక్కతే. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు; తేదీ వేసి డైరీలో రాసుకుంది.

సత్యవ్వను ఇంట్లో ఉంచి నలుగురూ బయలుదేరారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముగ్గురు దిగి నడిచారు, ఖాళీ కారు పాకింది.

"కారెక్కి పోవుడా, కారు ఎనుక పోవుడారా?" అన్నాడు సాంబయ్య నాలుగోసారి దిగుతూ.

కోరుట్ల ఇంకో రెండు కిలోమీటర్లనగా, ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఒకటి మోకాలెత్తున ఎదురైంది. దాన్ని ఓరగా ఎక్కించాలని నరేందర్ స్టీరింగు తిప్పాడు. కారు రోడ్డుకు అడ్డం తిరిగి, పొట్ట ఆనించి, బండమీది కప్పలా కూర్చుంది. ముందు చక్రాలు గాలిలో తిరిగాయి.

అటు లారీ, ఇటు ట్రాక్టరు ఆగాయి. ఆ రోజు రాస్తారోకో పిలుపు లేదు. అయినా కండువా వేసుకున్న రమేశ్ అనే యువకుడు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఒక్కనివే రోడ్డు బంద్ జేసినవా? జై తెలంగాణ!"

"కాదు తమ్మీ, జెర లేపుండ్రి..." అనేలోపే నరేందర్ మెడలో బంతిపూల దండ పడింది. దండ పడ్డాక నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

అరగంటలో జనం చేరారు. కారు ముందే పొయ్యి పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. మైకు వచ్చింది. దశరథం తనకూ ఆ కారుకూ చుట్టరికమే లేనట్టు భోజనాల బంతిలో కూర్చున్నాడు. ఎండకు మళ్లీ కారెక్కి కూర్చున్న నీల గడియారం చూసుకుంది. పదింబావు.

"ఏమయ్యా, జెర బండి లేపుకొని పోరాదు?" అన్నాడు లారీ డ్రైవరు.

నరేందర్ మైకు అందుకున్నాడు. "ఇది కాయిలోవర్ల బండి. దించాలంటే దించుత, లేపాలంటే లేపుత. కావాల్నని దించిన. తెలంగాణ అచ్చినంక లేపుత!"

చప్పట్లు మోగాయి. అదే నినాదమైంది. సరిగ్గా అప్పుడే ఎస్సై జీపు దిగాడు.

"కావాల్నని దించినవా? అయితే కేసే. నడువు."

నరేందర్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "సార్, కాయిలోవర్లు కావు, స్ప్రింగులు. దిగుతయి గని లేవయి సార్."

"గదే మైకుల జెప్పు."

నరేందర్ దండ పట్టుకుని జనాన్ని చూశాడు. ఎస్సై విసుగ్గా కారు తలుపు తీశాడు. "నువ్వు జెప్పు బిడ్డా. గీ బండి లేస్తదా, లేవదా?"

రమేశ్ మైకు అందించాడు. రెండు వందల మంది నిశ్శబ్దమయ్యారు. వారం రోజులుగా నీల కలగన్నది ఈ నిశ్శబ్దాన్నే. ఒక కాలు బయట పెట్టి, డైరీ తెరిచి, గొంతు సవరించుకుంది. "పోయిన ఆదివారం మా దశరథం మామ..."

అంత గట్టిగా ఆమె ఎన్నడూ పలకలేదు. బంతిలో దశరథం చేతిలోని ముద్ద ఆగిపోయింది.

"ఎండుంది చెల్లె, లోపల కూసో," అంటూ నరేందర్ ఆమె కాలు లోపలికి నెట్టి తలుపేశాడు.

ఆ రోజు ఆ కారులో ఇబ్బంది పెట్టకుండా పనిచేసింది ఆ తలుపొక్కటే.