'మొదలు' అనే కమాండ్

ఇక మీదట ఏ పని మొదలుకావడంలోనూ ఆలస్యం జరగదని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సిబ్బందికి సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది. ఈ ఘనత, ఆఫీసంతా ముద్దుగా 'ఆరంభం' అని పిలుచుకునే ఇంజినీరుది.

నిజానికి అతనికి అప్పగించింది ఒక గ్రంథాలయానికి పుస్తకాల రాకపోకలు చూసే ప్రోగ్రాం. రాద్దామనే కూర్చున్నాడు. ముందు ఫోల్డర్లు పెట్టాలి, సెట్టింగులు రాయాలి, ప్రతిసారీ ఇదే గొడవ. ఈ గొడవను శాశ్వతంగా వదిలించాలన్న సదుద్దేశంతో గ్రంథాలయాన్ని పక్కనబెట్టి, ఒక పనిముట్టు తయారుచేశాడు. నల్లటి తెరమీద 'మొదలు' అని కొట్టి ప్రాజెక్టు పేరు రాస్తే చాలు, కావలసిన ఫోల్డర్లూ ఖాళీ ఫైళ్లూ కన్నుమూసి తెరిచేలోగా బారులు తీరతాయి.

ఇంట్లో ఇల్లాలికి చూపించాడు.

"బాగుందండీ. ఇదేం చేస్తుంది?"

"మొదలుపెడుతుంది."

"తర్వాత?"

"ఇంకోటి మొదలుపెట్టొచ్చు."

"దానికి మీరున్నారుగా!" అందామె.

మేనేజరు మాత్రం పొంగిపోయి సభ పెట్టాడు. "మిత్రులారా! పని ముగించినవాడికి మిగిలేదేమిటి? నిరుద్యోగం! మొదలుపెట్టేవాడిదే భవిష్యత్తు!" చప్పట్లు మోగాయి. జీతాల విభాగంవారు కూడా తలా ఒక ప్రాజెక్టు మొదలెట్టారు. గేటు కాపలాదారు తన గేటు పేరిట ఒకటి మొదలెట్టి, అసలు గేటు తెరవడం మరిచిపోయాడు.

ఇంతలో గ్రంథాలయం నుంచి లైబ్రేరియన్ గారు వచ్చారు. మేనేజరు సగర్వంగా తెర చూపించాడు. పుస్తకాలు, సభ్యులు, జరిమానాలు: అన్నీ ముచ్చటైన ఫోల్డర్లు. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు.

"అరలు బ్రహ్మాండంగా ఉన్నాయి నాయనా. లోపలేమీ లేదేం?"

"ఖాళీ ఉంటేనే కదండీ ఎదుగుదల!"

ఆవిడ మేనేజరును వదిలి ఆరంభం వైపు తిరిగారు. "ముసలీ ముతకా పుస్తకాల కోసం వరసలో నిలబడుతున్నారయ్యా," అన్నారు, అంతే.

తిట్టి ఉంటే దులుపుకుపోయేవాడే. ఆ మాట ముల్లులా దిగింది. గది తలుపేసుకుని, కొత్తదేదో మొదలుపెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా తన చెవి తానే మెలిపెట్టుకుంటూ ఆ ప్రోగ్రాం రాశాడు. రాసి, పూర్తిచేశాడు! గ్రంథాలయంలో వరస చకచకా కదిలింది. లైబ్రేరియన్ గారు స్వయంగా ఫోన్ చేసి, "చల్లగా ఉండు బాబూ," అన్నారు. ఆ పూట అతనికి కాలు నేలమీద నిలిస్తే ఒట్టు.

మర్నాడు సంజాయిషీ నోటీసు వచ్చింది. సదరు ఉద్యోగి కొత్తగా ఏదీ మొదలుపెట్టకపోగా, ముందస్తు అనుమతి లేకుండా ఒక పనిని పూర్తిచేసి, తోటివారి మనోస్థైర్యాన్ని దెబ్బతీసినట్టు విచారణలో తేలింది.

ఈ కథను చివరిదాకా చదివినవారికి ఒక మనవి. చదవడం పూర్తిచేశారన్న సంగతి మీ ఆఫీసులో పొరపాటున కూడా అనకండి.