ఒక కంప్యూటరు, మూడు వాటాలు

ఆ శనివారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఇంట్లోవాళ్లను పిలవాలి, కంప్యూటరు మీట నొక్కాలి, మెచ్చుకోళ్లు అందుకోవాలి. ఆ తర్వాత మళ్లీ ఓ కునుకు తీయాలి.

ఆయన ఒక రవాణా కంపెనీలో గుమాస్తా. ఒకసారి ఆఫీసులో ప్రింటరు మొరాయిస్తే దాని వైరు పీకి మళ్లీ పెట్టాడు. అది పనిచేసింది. ఆనాటి నుంచి ఆఫీసంతా ఆయన్ని ‘ఇంజనీరుగారు’ అంటోంది. అందులో వెటకారం పాలు ఎంతో ఆయనకు తెలియక కాదు. కానీ పిలవగా పిలవగా ఆయనకే కాస్త నమ్మకం కుదిరింది.

ఇంట్లో కంప్యూటరు ఒక్కటే, హక్కుదారులు ముగ్గురు. భార్య దాని మీద బడిపుస్తకాల పేజీలు కూర్చి ప్రచురణకర్తలకు పంపుతుంది. వాళ్లతోపాటే ఉండే అత్తగారు దాని మీద పేకాట ఆడుతూ, తెర మీద ఏ ప్రకటన మెరిసినా పాపం పిలుస్తున్నారు కదా అని నొక్కుతారు. ఇంజనీరుగారు వీడియోలు చూసి దాన్ని కోస్తూ కుడుతూ ఉంటాడు. ఒకరి పని ఇంకొకరికి అడ్డం, రోజూ ఒక రగడ.

దానికి ఆయన విరుగుడు కనిపెట్టాడు. ఒకే ఇంటిని మూడు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే కంప్యూటర్లో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టాడు. భార్యకు మొదట్నుంచీ ఉన్న పాతది, అత్తగారికి తేలికైనది ఒకటి, తనకు సరికొత్తది ఒకటి. ఎవరు ఏ వాటాలోకి వెళ్లాలో అడగడానికి గుమ్మంలో ఒక బూట్ మేనేజరు. మీట నొక్కగానే అది తెర మీద మూడు బొమ్మలు చూపిస్తుంది. మనది మనం ఎంచుకోవాలి. పది సెకన్లలో ఎవరూ ఏమీ చెప్పకపోతే మొదటి బొమ్మను అదే మొదలుపెట్టేస్తుంది.

ఈ మేనేజర్ని ముందు పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూసుకుని, బాగుంటే కంప్యూటర్లోకి ఎక్కించమని వీడియోలో చెప్పారు. సొరుగులో ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి కనిపిస్తే అందులోనే పెట్టి, కంప్యూటరు వెనకాల గుచ్చాడు. మూడు బొమ్మలూ ఠంచనుగా వచ్చేసరికి తన తెలివికి తనే మురిసిపోయి, ఆ ఎక్కించే సంగతి కాస్తా మర్చిపోయాడు.

"పన్నెండింటికల్లా మూడో తరగతి లెక్కల పుస్తకం పంపాలి," అంది భార్య, తడిజుట్టు తుడుచుకుంటూ. "ఇది వేళకి వెళ్తే మిగతా తరగతులు కూడా నాకే ఇస్తామన్నారు. లేకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. మీ ప్రయోగాలు సాయంత్రం పెట్టుకోండి."

"ప్రయోగం ఎప్పుడో అయిపోయింది. ఇది ప్రారంభోత్సవం. ఐదు నిమిషాలు చాలు."

అత్తగారు కళ్లజోడు సర్దుకుంటూ వచ్చారు. "నా పాటల పెన్‌డ్రైవ్ ఏమన్నా కనిపించిందా బాబూ? మొన్నట్నుంచి వెతుకుతున్నా."

"ఎక్కడికి పోతుందండీ, ఇంట్లోనే ఉంటుంది," అన్నాడాయన, తనకు తెలియకుండానే నిజం చెబుతూ.

మీట నొక్కాడు. తెర మీద వరసగా మూడు బొమ్మలు వచ్చాయి. మొదట కిరీటం, తర్వాత చీమ, చివర కుర్చీ. ఆయన చప్పట్ల కోసం వెనక్కి తిరిగాడు.

"ఆ కుర్చీ ఎవరిది బాబూ?" అన్నారు అత్తగారు.

"మీదే అత్తయ్యగారూ."

"అంటే, నేను కూర్చుని తింటున్నాననా?"

"అయ్యో, మీరు సుఖంగా ఉండాలని."

"అయితే చీమ నేనన్నమాట," అంది భార్య. "కిరీటం ఎవరిదో అడగక్కర్లేదు."

ఆయన సంజాయిషీ వెతుక్కునే లోపు పది సెకన్లు గడిచిపోయాయి. కిరీటం తళుక్కుమని మెరిసి, ఆయన వాటా తెరుచుకుంది. అత్తగారు తన గదిలోకి వెళ్లి చెల్లెలికి ఫోను చేశారు. "ఏం చెప్పమంటావే, అల్లుడుగారు మూడు వాటాలు వేశారు. మొదటిది ఆయనకి. నాకు చివరన ఓ కుర్చీ," అనడం గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించింది.

ఇంజనీరుగారు దిద్దుబాటు మొదలుపెట్టాడు. అత్తగారికి పువ్వు పెట్టి మొదటికి జరపాలి, భార్యకు కలం పెట్టాలి, తనకు ఏదో ఒకటి, చివర్న. "పదకొండవుతోంది, లేవండి," అని భార్య నెత్తిన నిలబడింది. ఆ కంగారులో పాత బొమ్మలతో పాటు అవి ఉన్న సంచీని, అంటే ఫోల్డరును, కూడా చెరిపేశాడు. మేనేజరుగారి బుర్రంతా ఆ సంచీలోనే ఉందని ఆయనకు కంప్యూటరు ఆపి మళ్లీ మీట నొక్కాక తెలిసింది. తెర నల్లబడింది. మధ్యలో తెల్లటి ఇంగ్లీషు ముక్క ఒకటి ప్రత్యక్షమైంది.

"ఏమంటోంది?" అంది భార్య.

"చూపించడానికి ఏమీ దొరకలేదంటోంది."

"నా పేజీలు?"

"లోపలే ఉన్నాయి. వెళ్లే దారే లేదు."

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే ముక్క. అలా ఎన్నిసార్లు నొక్కాడో లెక్క లేదు. భార్య మంచం అంచున కూర్చుని గడియారం వంక చూస్తోంది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త ధైర్యంగా ఉండేది. రెండేళ్లుగా ఆవిడ ఎవరెవరివో అరకొర పేజీలు చేస్తూ ఈ ఒక్క అవకాశం కోసమే చూస్తోందని ఆయనకు తెలుసు.

"ఆ బొమ్మల్లో నాకు గాడిదను పెట్టుకోవాల్సింది," అన్నాడు.

"గాడిద పనికొస్తుంది," అంది భార్య.

అంతలో వీధి తలుపు ధడేలుమంది. రెండు వీధుల అవతల ఉండే బావమరిది, పిన్ని ఫోను చేస్తే హెల్మెట్ కూడా తీయకుండా లోపలికి వచ్చేశాడు.

"ఏం బావగారూ, ఇంట్లో వాటాలు వేశారట. మా అమ్మకి కుర్చీ ఒక్కటే ఇచ్చారట."

"అది ఇంట్లో కాదండీ, కంప్యూటర్లో."

"కంప్యూటరు ఇంట్లోది కాదా?"

"అమ్మా, సంచీ సర్దుకో, మనింటికి పోదాం," అన్నాడు బావమరిది. అత్తగారు అప్పటికే సర్దుకుంటున్నారు. చీరలు, కళ్లజోడు పెట్టె, పాటలపెట్టె సంచీలోకి వెళ్లాయి. ఫోను చార్జరు కోసం కంప్యూటరు బల్ల వెనక్కి వంగినావిడ అలాగే ఆగిపోయారు.

"ఇదిగో నా పెన్‌డ్రైవ్. ఈ ఎర్రదారం నేను కట్టిందే," అంటూ లాగేశారు.

సరిగ్గా అప్పుడే ఇంజనీరుగారు ఆశ చావక ఇంకోసారి మీట నొక్కాడు. గుమ్మంలో అడిగే మేనేజరు పెన్‌డ్రైవ్‌తో పాటే ఊడిపోవడంతో కంప్యూటరు ఎప్పటిలా, ఎవరినీ ఏమీ అడగకుండా, నేరుగా భార్య పాత వాటాలోకి వెళ్లింది. లెక్కల పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది. ఆవిడ ఆయన్ని మోచేత్తో పక్కకు నెట్టి కూర్చుంది. పేజీలు వెళ్లేసరికి పన్నెండుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. "అందాయి. సోమవారం నాలుగో తరగతి పంపుతాం," అని జవాబు వచ్చింది. భార్య ముఖం చూసి ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి.

"ఏం చేసి బాగుచేశారు బావగారూ?" అన్నాడు బావమరిది, హెల్మెట్ తీస్తూ.

"కొన్నిటికి పీకడమే మందు," అన్నాడు ఇంజనీరుగారు, ఆఫీసు గొంతుతో. "ఆ సలహా అత్తయ్యగారిదే అనుకోండి."

అత్తగారి అలక కరిగిపోయింది. సంచీలోంచి చీరలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. "ఉండండి, ఈ సంతోషంలో ఓ పాట పెడతా," అంటూ ఆవిడ పాటలపెట్టెకు పెన్‌డ్రైవ్ తగిలించారు. పెట్టె మీద చిన్న దీపం వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. పాట రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఇంజనీరుగారికి. మేనేజర్ని ఆ పెన్‌డ్రైవ్‌లో పెట్టేటప్పుడు, ‘ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా?’ అని కంప్యూటరు ఒక ప్రశ్న అడిగింది. అలాంటి ప్రశ్నలకు ఆయన ఎప్పుడూ చదవకుండానే సరే అంటాడు. ఇప్పుడు నోరు పెగుల్చుకుని ఆ సంగతి చెప్పేశాడు.

గదిలో అందరూ అత్తగారి వంక చూశారు. ఆవిడ మాత్రం కోప్పడలేదు.

"పోనీలెండి బాబూ, అన్నీ నాకు నోటికొచ్చు," అని, కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ పాట మొదలుపెట్టేముందు, ఇంకేమన్నా ఎంచుకోవడానికి ఎవరికీ పది సెకన్లు ఇవ్వడం లేదు.