జానెడు ఎక్కువైన తిన్నె

మంగళవారం పొద్దున చెంగమ్మ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఏడింటికల్లా సంగటి కెలికి దించాలి. బర్రెకు కుడితి పెట్టాలి. తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి, తన ఇంటి ముందరి తిన్నె మీద వేసిన జరిమానా తగ్గించుకోవాలి. పదకొండింటికి తిరిగివచ్చి పప్పుకు తాలింపు పెట్టాలి. తాలింపుకు ఎండుమిరపకాయలు ముందే తుంచి గిన్నెలో వేసింది.

"అంత నమ్మకమా నీకు?" అన్నాడు ఆమె మొగుడు తణికాచలం, చెనక్కాయ చేనికి బయలుదేరుతూ. "ఆఫీసు పని ఒక దినంలో అయ్యేదేనా?"

"అడిగే తీరులో అడిగితే ఎందుకు కాదు బావా? సుమ్మా ఉత్త చేతులతో పోతా ఉండానా? ఇరవై ఒక్క ఇళ్ళ సంతకాలు ఉండాయి నా చేతిలో."

మద్దిపాకం తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ నడుమ పాసింజరు రైలు మాత్రమే ఆగే ఊరు. ఆ ఊరి రైలు వీధిలో ఇళ్ళు ఒకటే వరుస. ఇరవై రెండు ఇళ్ళు, వాటి ముందు మురుగు కాలవ, కాలవ అవతల రోడ్డు, రోడ్డు అవతల రైల్వేవాళ్ళ కంచె. వరుసలో చివరి ఇల్లు చెంగమ్మది, రోడ్డు స్టేషను వైపు తిరిగే మలుపులో ఉంటుంది. ఆమె తిన్నె మీద కూర్చుంటే సిగ్నల్ స్తంభం కనిపిస్తుంది.

ఆ తిన్నె గురించి చెంగమ్మకు ఒక సిద్ధాంతం ఉంది. ఇంట్లోకి వచ్చి కూర్చున్నవాళ్ళు కాసేపటికి వెళ్ళొస్తామని లేస్తారు. తిన్నె మీద కూర్చున్నవాళ్ళు లేవరు, ఇంకో మాట ఉందంటారు. తిరుత్తణిలో ఇచ్చిన కూతురు కోకిల శుక్రవారం శుక్రవారం వచ్చి సాయంత్రం రైలుకు వెళ్తుంది. సిగ్నల్ చెయ్యి వాలేదాకా కూతురు కూతురే. వాలిన తర్వాతే తిరుత్తణి కోడలు. కోకిలకు బిడ్డ పుట్టాక ముగ్గురికీ చోటు చాలలేదని, పోయిన ఏడు చెనక్కాయలు అమ్మిన డబ్బుతో చెంగమ్మ తిన్నెను అడుగున్నర ముందుకు జరిపి కట్టించింది. దాని అంచు కాలవను తాకింది.

కాలవకు రెండడుగుల ఇవతలే కట్టడం ఆగాలని పంచాయతీ నిబంధన. బిల్లు కలెక్టరు రాజమాణిక్యం నోటీసు తెచ్చాడు. నూట యాభై రూపాయల జరిమానా కట్టి విన్నవించుకుంటే సరి, లేదంటే పదిహేను రోజుల్లో తిన్నె పగలగొడతారు. నూట యాభై చెంగమ్మ దగ్గర లేవు. కానీ వాదం ఉంది. ఈ వీధిలో అందరికీ తిన్నెలు ఉన్నాయి, అన్నీ కాలవను తాకుతూనే ఉన్నాయి, ఆమె ఒక్కదానికే జరిమానా ఏమిటి? రిటైరైన బడిపంతులు ఆదికేశవులు అయ్యోరు ఈ వాదాన్ని చక్కని తమిళంలో అర్జీగా రాసిపెట్టాడు. వీధివాళ్ళు రెండు సాయంత్రాల్లో సంతకాలు పెట్టేశారు. మళిగె కొట్టులో సరుకులమ్మే కుప్పయ్య అయితే, "నీ తిన్నె మీద దెబ్బ పడితే మా తిన్నెల మీద పడినట్టే కదక్కా," అని అందరికంటే పైన పెట్టాడు.

ఆఫీసులో కొత్త గుమాస్తా గోపాలన్ ఉన్నాడు. తంజావూరు నుంచి బదిలీ అయి వచ్చి నెల కాలేదు. అతనికి తమిళం తప్ప మరొకటి రాదు. చెంగమ్మకు తమిళం మాట్లాడడం తెలుగంత వచ్చు కాబట్టి మాటలకు అడ్డం లేదు. అర్జీ మొదటి పుట చదివి తల ఊపాడు. రెండో పుట నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు.

"ఏంటమ్మా ఇవి, జాంగిరీలు చుట్టారు?"

"సంతకాలు సార్. మా వీధిలో పెద్దోళ్ళంతా తెలుగులోనే పెడతారు."

"నాకు ఒక్కటీ అర్థం కాదే. మీరు చదివి చెప్పగలరా?"

చెంగమ్మ బడికి పోలేదు. కుప్పయ్య తండ్రి కొట్టులో చింతపండు చుట్టి ఇచ్చే పాత పత్రికల మీద ఒక్కొక్క అక్షరమే పట్టుకుని తనంతట తాను చదువు నేర్చుకుంది. నువ్వు చదవగలవా అని ఒకరు అడుగుతారని నలభై ఏళ్ళుగా ఎదురుచూసింది. ఎవరూ అడగలేదు. ఇప్పుడు సాక్షాత్తూ ఆఫీసే అడిగింది.

"ఉక్కారుంగమ్మా," అని గోపాలన్ కుర్చీ కూడా జరిపాడు.

చెంగమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. "మొదటిది కుప్పయ్య. ఒకటో నంబరు ఇల్లు."

"ఆయనకూ తిన్నె ఉందా?"

"ఉందా అంటారేంది సార్? దాని ముందర నాది పీట. ఎద్దులబండి ఎక్కించి తిప్పొచ్చు దాని మీద."

గోపాలన్ ఒక తెల్లకాగితం తీసి గళ్ళు గీశాడు. "తర్వాత?"

"వాసవాంబ. సిమెంటు తిన్నె, ఎర్రరంగు. కాలవ మీద నాపరాయి కూడా పరిచింది. తర్వాత ఆదికేశవులు అయ్యోరు. ఆయన తిన్నె మీద కాకర పందిరి కూడా ఏసినాడు."

"పందిరా? దానికి వేరే గడి గీయాలి. ఉండండి."

ఇలా ఇరవై ఇళ్ళు నడిచాయి. చివరి సంతకం మీనాంబది. ఆమెకు తిన్నె లేదు. అంతమంది నడుమ ఆమె ఒక్కతే విడిపోయినట్టు ఉంటుందని చెంగమ్మ మనసు ఒప్పలేదు.

"ఈమెకు మెట్లు మూడుండాయి సార్. అవి రాసుకోండి, పాపం."

గోపాలన్ కాఫీ తెప్పించాడు. "మీలాంటివాళ్ళు వీధికొకరు ఉంటే మా పని ఎంత తేలికమ్మా!" అన్నాడు. ఆ మాటను చెంగమ్మ ఇంటిదాకా ఒలకకుండా మోసుకొచ్చింది. పప్పు తాలింపు ఆ రోజు బ్రహ్మాండంగా కుదిరింది.

గురువారం ఉదయం రాజమాణిక్యం సైకిలుకు పెద్ద కట్ట కట్టుకుని వచ్చాడు. ఒకటో ఇంటి నుంచి మొదలుపెట్టి ఇరవై ఒక్క ఇళ్ళలో నోటీసులు ఇచ్చాడు. అయ్యోరుకు రెండు వచ్చాయి, తిన్నెకు ఒకటి, పందిరికి ఒకటి. మీనాంబకు మెట్లకు నలభై రూపాయలు. కుప్పయ్యకు రెండు వందలు. అందరూ కాగితాలు పట్టుకుని చెంగమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి ఆమెకూ ఒకటి అందింది. అలవాటు కొద్దీ అయ్యోరే దాన్ని తీసుకుని పైకి చదివి తెలుగులో చెప్పాడు.

"విచారణలో ఆఫీసుకు పూర్తిగా సహకరించినందున, జరిమానా నూట యాభై నుంచి డెబ్బై అయిదుకు తగ్గించడమైనది."

వీధి మొత్తం చెంగమ్మ వైపు తిరిగింది.

"సహకరించినావా అక్కా?" అన్నాడు కుప్పయ్య.

"చదవమన్నాడు, చదివినా."

"నా నోటీసులో ఎద్దులబండి తిరిగేంత తిన్నె అని రాసుండాది. అది నా సంతకంలో యాడుండింది?"

"నాకు తిన్నే లేదు కదక్కా!" అంది మీనాంబ.

"అందరికీ ఉండి నీకు లేదంటే చిన్నబోతావని చెప్పినానే!"

"ఆ చిన్నబోయేదేదో నేనే పోయుందును కదా, నలభై రూపాయలు మిగిలుండును!"

ఆ రోజు నుంచి చెంగమ్మ తిన్నె ఖాళీ. నీళ్ళ కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు జరిగి నిలబడ్డాయి. మర్నాడు శుక్రవారం, కోకిల బిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డకు కాటుక పెట్టడానికి ప్రతి వారం వచ్చే వాసవాంబ, కంచె వైపు మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

"సగం తగ్గింది కదమ్మా, ఇంకేంది దిగులు?" అంది కోకిల.

"తిన్నె మిగిలింది పాపా. కూర్చునేటోళ్ళు మిగల్లేదు."

మనుషులు దూరమవడం చెంగమ్మకు కొత్త కాదు. అమ్మను, అన్నను, ఇద్దరు చెల్లెళ్ళను సాగనంపింది. వాళ్ళందరూ చెప్పి వెళ్ళారు, లేదా చెప్పలేని స్థితిలో వెళ్ళారు. ఎదురుగానే ఉండి వెళ్ళిపోయినవాళ్ళను మాత్రం చూడడం ఇదే మొదటిసారి. సోమవారం పొద్దున మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది.

"సార్, అందరివీ కొట్టేయండి. నేను చెప్పింది అబద్ధం."

గోపాలన్ పుస్తకం తెరిచాడు. "అబద్ధమైతే అది తప్పుడు అర్జీ అవుతుందమ్మా. దానికి వేరే జరిమానా. సంతకం పెట్టిన అందరికీ."

చెంగమ్మ గబుక్కున కూర్చుంది. "అయితే నిజమే సార్, నిజమే!" తర్వాత గొంతు గట్టి చేసుకుంది. "సరే, మీరు కొలిచినారా?"

"మీరే చెప్పారు కదా."

"నేను చెప్పితే? నా కంటికి ఎద్దులబండి తిరిగింది. మీ కొలత గొలుసుకూ తిరగాల కదా? ఒక ఆడమనిషి నోటిమాట మీద ఇరవై రెండు ఇళ్ళకు జరిమానా ఏస్తే, రేపు పైవాళ్ళు అడిగితే ఏం చెప్తారు?"

గోపాలన్ నిబంధనల మనిషి. పైవాళ్ళు అనే మాట అతని మీద బాగా పనిచేసింది. తిరువళ్ళూరు నుంచి సర్వేయరును పిలిపిస్తానన్నాడు.

ఈ కబురు చెంగమ్మ సంతోషంగా చెప్పింది. వీధికి మాత్రం అది పిడుగులా వినిపించింది. "నోటీసులు తెచ్చింది చాలక సర్వేయరును కూడా తెస్తా ఉండాది!" అన్నారు. కొలతకు దొరక్కూడదని కుప్పయ్య కూలివాణ్ణి పెట్టి తన తిన్నెలో రెండడుగులు పగలగొట్టించాడు. అయ్యోరు పూత మీదున్న కాకర పందిరిని కళ్ళు మూసుకుని పీకేశాడు. మీనాంబ కింది మెట్టు తీసేయించింది. మర్నాడు ఆమె మొగుడు ఆ మెట్టు ఉందనుకుని కాలు పెట్టి వీధిలో బోర్లా పడ్డాడు. ఆ లేనిమెట్టు కూడా చెంగమ్మ లెక్కలోకే వచ్చింది.

బుధవారం సర్వేయరు సుందరరాజ్ రైలు దిగాడు. గుడ్డకు అంటించిన పాత పటం పరిచి, కుప్పయ్య కొట్టు పక్కన మట్టిలో పూడిపోయిన హద్దురాయిని తవ్వించి, అక్కడి నుంచి గొలుసు లాగించాడు. మూడు ఇళ్ళు కొలిచి ఆగాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి కొలిచాడు. ఇరవై ఒక్క గుమ్మాల్లో మనుషులు నిలబడ్డారు.

"ఈ కాలవ ఎవరు తవ్వించారు?" అని అడిగాడు.

"ఆఫీసే. ఆరేళ్ళ కిందట," అన్నాడు గోపాలన్.

"కాలవ నుంచి కాదు, రాయి నుంచి కొలవాలి. హద్దు అదిగో, కాలవకు అవతల రెండడుగుల్లో ఉంది. తిన్నెలు వీళ్ళ స్థలంలోనే ఉన్నాయి. మీ కాలవే వీళ్ళ స్థలంలో పారుతోంది."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కుప్పయ్య తన ఇటుకల కుప్ప వైపు చూసి, "నా తిన్నె నేనే పగలగొట్టుకుంటినే!" అని తల పట్టుకున్నాడు. అంతలో వాసవాంబ గట్టిగా అంది, "కొలవమని నిలదీసింది ఎవురు? మా చెంగమ్మక్క! ఆయమ్మ అడక్కపోతే ఈ సంగతి బయటపడునా?" వారం రోజులు మాట్లాడని వీధంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టింది. నోటీసులన్నీ గోపాలన్ చేతిలో కుక్కారు. అతను వాటిని మడిచి సంచిలో పెట్టేసుకున్నాడు.

గొలుసు చివరి ఇంటికి వచ్చింది. సుందరరాజ్ వంగి చూశాడు, లేచాడు, పటం చూశాడు.

"మలుపు దగ్గర హద్దు లోపలికి తిరిగింది. ఈ ఒక్క తిన్నె మాత్రం రోడ్డు స్థలంలోకి వచ్చింది. జానెడు."

ఇరవై రెండు ఇళ్ళలో తప్పు చేసినది ఒక్కటే ఇల్లు. చెంగమ్మ వచ్చి తిన్నెకు అడ్డం నిలబడింది. "పగలగొడతారా సార్?" అంది.

అప్పుడు అయ్యోరు గోపాలన్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు. "అయ్యా, మా స్థలంలో ఆరేళ్ళుగా మీ కాలవ పారతా ఉండాది. దానికి జరిమానా ఎవరు ఎవరికి కట్టాల? ఏదో కాస్త చూసి చెప్పండి, మేమూ అర్జీ పెట్టుకుంటాం."

గోపాలన్ నుదుటి విభూది చెమటకు కరిగింది. "పెద్దది చేయకండి సార్, దయచేసి," అన్నాడు. ఆ సాయంత్రానికే చెంగమ్మ జరిమానా పది రూపాయలైంది. తిన్నెను ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవచ్చునని రాసి, గుండ్రటి ముద్ర వేసి రసీదు ఇచ్చారు. జానెడు దూరం దాటిన తిన్నె రిజిస్టరులోకి ఎక్కింది.

మర్నాడు పొద్దున చెంగమ్మ తలుపు తీసేసరికి కుప్పయ్య తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. వెనక వాసవాంబ, మీనాంబ, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు.

"ఏంది కుప్పయ్యా, మళ్ళీ ఏమైంది?"

"ఏం కాలేదక్కా. అదే భయం. నీ చేతిలో ముద్రేసిన కాయితం ఉండాది. మా నోటీసులు ఆయన వాపసు తీసుకుని పోయినాడు. సర్వేయరు నోటితో చెప్పి రైలెక్కేసినాడు. రేపు ఈ గోపాలన్ పోయి ఇంకొకడొస్తే, తిన్నె మాదేనని మేమేం చూపించేది?"

"మీ స్థలంలోనే ఉంది కదయ్యా మీ తిన్నె!"

"ఉంది. ఉన్నట్టు కాయితం లేదే. నేనింకా పగలగొట్టింది కట్టుకోవాల." కుప్పయ్య గొంతు తగ్గించాడు. "ఆఫీసులో నీ మాట చెల్లుతుంది కదా. మాకందరికీ తలా ఒక జరిమానా ఏయించి పెట్టక్కా."

చెంగమ్మ ఆ పదిమంది మొహాలూ చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ఆమె గడప దిగి వచ్చి కుప్పయ్య పక్కనే కూర్చుని, ఆఫీసు తెలిసినదానిలా నిదానంగా చెప్పింది. "అడుగుతా. కానీ పదికి తక్కువ ఏయరు కుప్పయ్యా."

కుప్పయ్య కాళ్ళు పైకి ముడుచుకుని సర్దుకుని కూర్చుని, ఇంకా వేయని ఆ జరిమానాను అయిదుకు తగ్గించమని బతిమాలడం మొదలుపెట్టాడు.