వెక్కిరింతకు అంగీకార పత్రం

ఒక మనిషిని వెక్కిరించే ముందు ఆ మనిషి దగ్గరే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలన్న నియమం మానవజాతి మర్యాదకు పరాకాష్ఠ. చక్రవర్తిగారి ఏలుబడిలో పారిస్ నగరం ఆ శిఖరాన్ని అందుకుంది. పత్రికలో ఎవరి ముక్కు సాగదీసి గీసినా, ఆ ముక్కు తాలూకు పెద్దమనిషే చూసి సంతకం పెట్టాలి. (మరీ పొడుగైందనిపిస్తే కత్తిరించే హక్కూ ఆయనదే. బొమ్మలోది మాత్రమే.)

ఫుల్జాన్స్ బార్బెత్ ఒక వారపత్రికకు రాతి అచ్చు బొమ్మలు గీసేవాడు. రొట్టె ధర మళ్ళీ పెరిగేసరికి అతనికి ఒళ్ళు మండిపోయింది. కింది వాటాలో ఉండే చాకలి జెలీ సగం రొట్టె కొని, తాను పస్తుండి, పిల్లలకు పెడుతోంది. ఆ కోపంతో ధాన్యపు మంత్రిని గోధుమ బస్తా మీద కూర్చున్న బాతుగా గీసి, అనుమతి కోసం పోలికల శాఖకు పట్టుకెళ్ళాడు.

అధికారి ప్లుమార్దో కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "ఎవరయ్యా ఈ బాతు?"

"బాతేనండీ."

"నాతోనా వేళాకోళం? ఈ గడ్డం కింద మడతలు నేను రోజూ వంగి దండం పెట్టే మడతలు!"

"అయితే ఆ పేరేదో మీరే రాయండి."

ప్లుమార్దో కలం కింద పెట్టేశాడు. (ఫలానా బాతు ఫలానా మంత్రి అని సొంత దస్తూరీతో రాసిన ఉద్యోగికి పింఛను రాదు.) ఆలోచించి ఆలోచించి, బొమ్మను వసారాలో తగిలించి, తమ పోలిక కనబడినవారు వచ్చి సంతకం చేయవలెనని ప్రకటన అంటించాడు.

మర్నాటికి వరస వీధిలోకి వచ్చింది. పత్రికవాళ్ళు వెక్కిరించని వాడు పెద్దమనిషే కాదని పారిస్‌లో ఎవరికి తెలియదు! వంతెనల అధ్యక్షుడు ఆ మెడ తనదేనన్నాడు. "మీ మొహానికి బాతొకటా? కోడిపిల్ల చాలు, జరగండి" అంటూ ఒక సెనేటర్ ఆయన్ను తోసేశాడు. చివరకు మంత్రిగారే విచ్చేసి, పొట్ట చిన్నదైందని కాస్త నొచ్చుకుని, సంతకం పెట్టి, తమ భోజనాల గదికి ఒక ప్రతి పంపమన్నారు. బొమ్మ అచ్చయింది. వరసలో నిలబడ్డవారంతా పటం కట్టించుకున్నారు. రొట్టె ధర ఇంకాస్త పెరిగింది.

"ఛీ, తిడదామని పోయి వాళ్ళకి పండగ చేసి పెట్టానే!" అని ఫుల్జాన్స్ తల పట్టుకున్నాడు.

"నన్ను గియ్యి బాబూ," అంది జెలీ. "నీ బాతును చూసి నవ్వారుగా. నన్ను చూసి నవ్వమను, చూద్దాం."

రొట్టెల దుకాణం ముందు నిలబడ్డ జెలీని ఉన్నదున్నట్టు గీశాడు, ఎముకలతో సహా. ఆమె సంతకం రాక, అంగీకార పత్రం మీద దానికి బదులు అడ్డంగా, నిలువుగా గీత గీసింది. మంత్రుల సంతకం అవసరమే లేదు కదా, ఈసారి ఆపేవాడెవడని అతనికి కొండంత ధైర్యం.

ఆపలేదు. విచారించారంతే. బొమ్మ పేదల పోలికల ఉపశాఖకు వెళ్ళింది. అక్కడినుంచి ఆకలిని ధ్రువీకరించే సంఘానికి వెళ్ళింది. (సంఘం భోజనం చేశాకే సమావేశమయ్యేది.) నెలలు గడిచి, చలికాలం ముదిరాక ఇద్దరికీ పిలుపు వచ్చింది.

ప్లుమార్దో బొమ్మను చూశాడు, జెలీని చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు.

"ఏమమ్మా, ఇది నువ్వేనా? దొంగ సాక్ష్యం నేరం, తెలుసుగా."

"నేనేనయ్యా, దేవుడి తోడు," అంది జెలీ, బల్ల పట్టుకుని నిలదొక్కుకుంటూ.

ఆయన మనిషి చెడ్డవాడు కాదు. నిజంగానే బాధపడుతూ ముద్ర వేశాడు: "తిరస్కరించడమైనది. పోలిక కుదరలేదు. బొమ్మలోని స్త్రీ కొంచెం ఒళ్ళు చేసి ఉన్నది."