లోపల సినిమా, బయట థింసా

మమ్మల్ని కలుపుకోవడానికి కార్లేసుకుని కొండెక్కి వచ్చేవాళ్లే లేకపోతే, మేము ఇన్నాళ్లూ విడిగా ఉన్నామన్న సంగతి మాకు తెలిసేదే కాదు! అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను: ప్రతి కొండ ఊరికీ నెలకో ఇంక్లూజన్ వర్క్‌షాప్ ఉండి తీరాలి.

మాది అనంతగిరి మండలంలో, కాఫీ తోటల మధ్య నలభై గడపల ఊరు. ఈ ఏడాది మా కమ్యూనిటీ హాల్లో వైవిధ్యాన్ని బొమ్మల ద్వారా ఒకసారి, పుస్తకాల ద్వారా ఒకసారి, సినిమా ద్వారా మూడుసార్లు నేర్పారు. అన్నింటికీ లోకల్ కోఆర్డినేటర్‌ని నేనే. మెడలో ట్యాగు కూడా ఉంది. నేను పెద్దగా మాట్లాడను. ఊరి బడిలో చదువుకున్నప్పటి నుంచీ వెనక కూర్చుని తల ఊపడం నాకు అలవాటు. నన్ను ఎంపిక చేసింది ఆ అర్హత చూసేనని ఆలస్యంగా అర్థమైంది.

నేర్చుకున్నది తక్కువా? గిరిజన మహిళ అంటే నెత్తిన కుండ ఉండాలని బొమ్మల వర్క్‌షాప్‌లో తెలిసింది. మా ఊరికి కుళాయి వచ్చి నాలుగేళ్లయింది. అయినా ఆ సాయంత్రం బిందె నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉన్నాను. బిందే పడిపోయింది!

పుస్తకాల వర్క్‌షాప్‌లో ఒక కథ చదివారు. అందులో వేర్వేరు మతాల పిల్లలిద్దరు ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు. నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. మా పక్కింట్లో సోములమ్మ అత్త, ఆమె అప్ప, అంటే అక్క, అంతోనమ్మ కలిసి ఉండేవారు. చెల్లెలు కొండదేవత జాకరమ్మకు మొక్కేది, అప్ప ఆదివారం చర్చికి వెళ్లేది. జాకరమ్మ పండగకు అప్ప ఇల్లు అలికేది. క్రిస్మస్‌కు చెల్లెలు కోడి కోసేది. దాన్ని వైవిధ్యం అంటారని ఎవరైనా చెబితే కదా! మేము కోడికూర అనుకున్నాం.

ఇక సినిమా. రెండేళ్ల కిందట మా ఊళ్లోనే తీశారు. అందులో అంతోనమ్మ సామలు దంచుతూ పదకొండు సెకన్లు మాట్లాడుతుంది. పోయిన వానాకాలం జ్వరంతో ఆమె చనిపోయింది. ఇంట్లో మిగిలిన ఫొటో ఆధార్ కార్డు మీదది ఒక్కటే. ఆధార్ కార్డులో మనిషి ఎలా ఉంటాడో మీకు నేను చెప్పాలా?

సోములమ్మ అత్త కోరిక ఒక్కటే, ఆ పదకొండు సెకన్లు చూడాలి. కానీ మా ఊళ్లో ఇంక్లూజన్‌కు ఒక పద్ధతి ఉంది. అతిథులు రాగానే మా ఆడవాళ్లు హాలు ముందు వరసకట్టి మా కొండ నాట్యం థింసా ఆడాలి. తర్వాత అతిథులు లోపలికి వెళ్తారు, చీకటి కోసం తలుపులు మూస్తారు. ఆడినవాళ్లు వెనక్కి వెళ్లి వెదురు బొంగుల్లో కోడి వండుతారు. థింసా వరసకు నాయకురాలు సోములమ్మ అత్తే!

రెండోసారి కూడా సినిమా అయిపోయాక ఆమె పొయ్యి దగ్గర నన్ను ఆపింది.

"ఏటే గుంటా, అయిపోనాదా?"

"అయిపోయిందత్తా. లోపల ముప్పై కుర్చీలే ఉన్నాయి."

"నీకున్నాదా కుర్సీ?"

"ఉంది."

"మెత్తగున్నాదా?"

ఆ రోజే వర్క్‌షాప్ నడిపే సౌందర్య మేడమ్‌తో గట్టిగా మాట్లాడదామని వెళ్లాను. నా నోట వచ్చిన మాట: "మేడమ్, టీ తెమ్మంటారా?"

మూడోసారి అతిథులు ఫొటోల కోసం తామూ థింసా ఆడతామన్నారు. నేను ఉత్సాహంగా నియమాలు వివరించాను. పక్కవాళ్ల నడుముల వెనక చేతులు పెనవేయాలి. తుడుము డప్పు ఆగేదాకా పట్టు వదలకూడదు. నాయకురాలు ఎటు పోతే వరస అటే పోవాలి.

"ఎంత ఇంక్లూజివ్!" అన్నారు సౌందర్య మేడమ్.

సోములమ్మ అత్త నెమలీకల కట్ట పైకెత్తింది. తుడుము వాయించే మంగ్లు వైపు ఒక్క చూపు చూసింది. రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టులో నేరుగా హాలు గుమ్మంలోకి నడిచింది! వెనకే వరసంతా. మావాళ్లొకరు, అతిథి ఒకరు, మావాళ్లొకరు, అతిథి ఒకరు.

"భానూ, ఆపమని చెప్పండి!" అని నా వైపు తిరిగి అరిచారు మేడమ్.

"నాయకురాలు కూకోకముందే తుడుము ఆపితే నాకు గంజి కూడా పొయ్యరమ్మా," అన్నాడు మంగ్లు, ఇంకా గట్టిగా వాయిస్తూ.

అత్త తెర ముందు నేల మీద కూర్చుంది. వరసంతా కూర్చుంది. తుడుము ఆగింది, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, సినిమా మొదలైంది.

అంతోనమ్మ వచ్చింది. రోకలి ఎత్తి నవ్వింది. పెదవులు కదిలాయి. వినిపించింది మాత్రం ఎవరిదో తియ్యటి పట్నం గొంతు: "ఈ కొండ మహిళల మౌనం మనతో మాట్లాడుతుంది." అంతోనమ్మ బతికున్నన్నాళ్లూ అరగంట ఊరుకున్న మనిషి కాదు!

"కింద ఏటి రాసినారే? మా అప్ప పేరేనా?" అని అడిగింది అత్త. ఆమెకు చదువు రాదు.

కింద ఉన్నది "గిరిజన మహిళ" అని.

ఇప్పుడు నేను పట్నంవాళ్లను తిట్టాలి. దానికోసమే ఈ కాలమ్ మొదలుపెట్టాను. చిక్కేమిటంటే, షూటింగ్ రోజున పేర్ల ఫారం నింపింది నేనే. పన్నెండు మంది ఆడవాళ్లు, జీపు హారన్ కొడుతోంది. పన్నెండు గళ్లలోనూ అదే మాట రాశాను. "ఈమె మాట అర్థం కావడం లేదు, అనువాదం చేస్తారా?" అని అంతోనమ్మను చూపించి వాళ్లు అడిగారు కూడా. "పర్లేదు సార్, తీసేయండి" అన్నాను.

చివర్లో తెర మీద పెద్ద అక్షరాలతో "స్థానిక సహకారం: భాను" అని వచ్చింది.

"ఆ రెండచ్చరాలు నాకు తెలుసే," అంది అత్త. "సిన్నప్పుడు మా గోడ నిండా బొగ్గుతో రాసీదానివి."

కాబట్టి మళ్లీ చెబుతున్నాను, వర్క్‌షాప్‌లు కావాలి. మొదట కోఆర్డినేటర్లకు.

ఆ రాత్రే ఫారం సంగతి, జీపు తొందరతో సహా అత్తకు చెప్పేశాను. మర్నాడు పొద్దున్నే ఆమె నా చేతిలో బొగ్గు ముక్క పెట్టి గోడ చూపించింది. అంతోనమ్మ అని రాశాను. ఆమె వేలుతో ఒక్కో అక్షరాన్నీ తాకుతూ లెక్కపెట్టింది.

"నాలుగేనా?" అంది. "నాలుగచ్చరాలకే నీకంత తొందరొచ్చీసినాదేటే గుంటా?"