అరవై మంది పెళ్లికి అయిదు వందల ఫ్రీ కార్డులు

తక్కువ ఖర్చులో పెళ్లి చేసుకోవాలనుకునే ఆడపిల్లకు దక్కగల అదృష్టాలన్నిటిలోకీ పెద్ద అదృష్టం ఏది? మంచి మొగుడా? మంచి అత్తగారా? కాదండీ, కాదు. ఫ్రీగా సాయం చేసే చుట్టాలు! ఈ మాట కాదన్నవాళ్లతో ఎంతసేపైనా వాదించడానికి నేను సిద్ధం. వాదన కూడా ఫ్రీయే.

రుజువు కావాలా? ఊళ్లోవాళ్ల దాకా ఎందుకు, మా ఇంట్లోనే ఉంది. మా అక్క కూతురు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పరగడుపున వచ్చి, చొక్కా చేతులు మడిచి, మొహాలు అటు తిప్పుకుని కూర్చున్నవాళ్ల దగ్గర రక్తం తీస్తుంది. ట్యూబుల్లో నింపి, ఒక్కోదానికీ పేరు రాసిన లేబుల్ అంటిస్తుంది. సూది గుచ్చిన సంగతే తెలియదని ఆమెకు మంచి పేరు.

ఆ పిల్లకు పెళ్లి కుదిరింది. కుదిర్చింది మేమెవరమూ కాదు. పరీక్షకు వచ్చి, సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయిన ఒక కళ్లజోళ్ల షాపు అబ్బాయి. మొహాన నీళ్లు చల్లింది మా పిల్లే, తేరుకున్నాక బస్సెక్కించిందీ మా పిల్లే. మరుసటి వారం అతను రిపోర్టు కోసం వచ్చాడు. ఆ పై వారం ఏ రిపోర్టూ లేకుండానే వచ్చాడు.

ఇద్దరూ జీతాల్లోంచి రెండేళ్లు దాచుకున్నారు. అందులోనే సర్దుకునేలా పిల్ల ఒక నోటుపుస్తకంలో రెండు పేజీల్లో పెళ్లి మొత్తం రాసేసింది. పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు. మధ్యాహ్నం ల్యాబ్ ఎదురుగా ఉన్న హోటల్ మేడమీద గదిలో భోజనాలు. ఆ గదిలో అరవై కుర్చీలు పడతాయి కాబట్టి అరవై మంది. మూడింటికల్లా ఎవరింటికి వాళ్లు.

"నా పెళ్లికి వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ నాకు తెలియాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు" అంది.

ఈ వింత కోరిక ఎక్కడ పుట్టిందంటే, ఆమె స్నేహితురాలి పెళ్లిలో. స్టేజీ మీద పెళ్లికూతురి పక్కనే నిలబడింది మా పిల్ల. మూడు గంటల పాటు క్యూ కదులుతూనే ఉందట. మధ్యలో నీలం కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఇద్దరినీ దీవించి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఫొటో దిగి వెళ్లాడట. "మీవాళ్లా?" అని పెళ్లికూతురు గొణిగింది. "మీవాళ్లనుకున్నా!" అన్నాడు పెళ్లికొడుకు. ఆయనెవరో ఇప్పటికీ తేలలేదు. ఆల్బంలో మాత్రం మొదటి పేజీలోనే ఉన్నాడు.

సరే, పిల్ల ముచ్చట అలా ఉంచండి. చుట్టాలన్నాక చేతులు కట్టుకుని కూర్చుంటారా?

ముందుగా రంగంలోకి దిగింది ప్రెస్సు బాబాయి. మా బావగారి తమ్ముడు, సొంత ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. "కార్డుల సంగతి నాకొదిలెయ్యమ్మా. నీ దగ్గర పైసా తీసుకోను" అన్నాడు. పిల్ల కరిగిపోయి, అరవై చాలు బాబాయ్ అంది. వారం తిరక్కుండా మూడు అట్టపెట్టెలు ఇంట్లో దిగాయి. అయిదు వందల కార్డులు!

"అరవై కార్డులకి మిషన్ ఎక్కిస్తానా? రంగు కుదిరేసరికే వంద కాగితాలు పోతాయి. ఇన్ని వేసినా అన్ని వేసినా నాకొకటే శ్రమ. ఉంచుకో తల్లీ, మిగిలితే మిగుల్తాయి" అన్నాడు.

చూశారా ఉదారత! డబ్బు పెట్టి కొనుక్కుని ఉంటే అక్షరాలా అరవై కార్డులే వచ్చేవి. ఫ్రీ కాబట్టి నాలుగు వందల నలభై ఎక్కువ వచ్చాయి. కార్డు పట్టుకుని వచ్చే మనిషికి ఆకలి కూడా వేస్తుందంటారా? అలాంటి చిన్న విషయాలు పట్టించుకుంటే లోకంలో ఎవరూ ఎవరికీ సాయం చేయలేరు.

మిగిలితే మిగులుతాయని బాబాయి అన్నాడు గానీ, మా అక్క ఇంట్లో ఏదీ మిగలదు. అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషి. కూతురి పేరు బంగారు రంగులో అచ్చయిన కార్డును చెత్తబుట్టలో వేయగలదా? ఆ పెట్టెలను చూసినకొద్దీ ఆమెకు మనుషులు గుర్తుకు రావడం మొదలైంది. పొడుగు పుస్తకం ఒకటి తీసి లిస్టు రాయడానికి కూర్చుంది. పళ్ల డాక్టరు. మీటరు రీడింగుకు వచ్చే ఆయన. పాత ఇంటి ఓనరు. ఎప్పుడో రైల్లో పక్క బెర్తుల మీద పడుకుని దుప్పటి ఇచ్చిన దంపతులు. పదిహేను రోజుల్లో లిస్టు నాలుగు వందల తొంభై దాటింది.

"ఎవరమ్మా వీళ్లంతా?" అంది పిల్ల, పేజీలు తిప్పుతూ.

"అందరూ మనవాళ్లేనే!" అంది మా అక్క, రాయడానికి ఇంకో పేజీకి గీతలు గీస్తూ.

ఇంతమందికి మేడమీద గది ఏ మూలకు? అప్పుడే వచ్చింది హాలు అత్తయ్య. బావగారి అక్క, పిల్లకు మేనత్త. "ఫంక్షన్ హాలు మేనేజరు నాకు బాగా తెలుసు. నా మాటంటే ఆయనకి అంత గౌరవం. అద్దె లేకుండా ఇప్పిస్తా, చూస్కో" అంది. అన్నంత పనీ చేసింది!

ఎనిమిది వందల కుర్చీల హాలు. అద్దె సున్నా. ఏసీకి గంటకింత, కుర్చీల గుడ్డలకు కుర్చీకింత, కరెంటుకు మీటరు ప్రకారం, ఊడ్చినందుకు వేరే. ఇవేవీ అద్దె కిందకు రావు కదా? అత్తయ్య మాటంటే మాటే.

హాలు చూడ్డానికి అందరం వెళ్లాం. పిల్ల మధ్యలో నిలబడి దగ్గితే అది తిరిగి తిరిగి దానికే వినిపించింది. అత్తయ్య మొహంలో మాత్రం దిగులు కమ్ముకుంది. "అయిదు వందల మందికి ఇది మరీ పెద్దదయింది కదే. వెనక మూడొందల కుర్చీలు ఖాళీగా కనిపిస్తే వీడియోలో ఏం బావుంటుంది?"

"దానికేముంది? ఇంకో మూడొందలు కొట్టించేస్తా. ఎలాగూ ఫ్రీయేగా!" అన్నాడు ప్రెస్సు బాబాయి.

పాఠకులారా, సమస్య పుట్టకముందే పరిష్కారం చంకలో పెట్టుకుని తిరిగే ఇలాంటి చుట్టాలు ఎంతమందికి ఉంటారు?

ఇక నేను. మేనమామను. అక్షరాలు తప్ప ఆస్తి లేనివాణ్ణి. ఇంత పెద్ద హాల్లో పెళ్లికొడుకు గుణగణాల గురించి నాలుగు ముక్కలు చెప్పేవాడు లేకపోతే ఎలాగని, నలభై నిమిషాల ఉపన్యాసం నా వంతుగా ప్రకటించాను. పూర్తిగా ఉచితం! నాకోసం ఒక మైకు సెట్టు, దానికోసం ఒక స్టేజీ, నా వెనక ఒక పూల తెర ఉంటే చాలు. అంతకంటే నేనేమీ ఆశించలేదు.

ఆ సాయంత్రం ల్యాబ్ మెట్ల మీద పిల్లా, కళ్లజోళ్ల అబ్బాయీ కూర్చున్నారట. ఇది తరువాత పిల్లే చెప్పింది.

"దాచిందంతా హాలు గుడ్డలకీ, పూల తెరకే సరిపోతుంది. భోజనాలకి నేను ఆఫీసులో లోను పెట్టాలి" అంది పిల్ల.

"మీ అత్తయ్యగారు ఫోన్ చేశారు. మా వైపు నుంచి ఇంకో రెండొందల మందిని తేగలవా బాబూ అని. నాకంతమంది ఎక్కడ తెలుసు? షాపు కస్టమర్లను పిలవమంటావా? వాళ్ల కళ్ల పవరెంతో చెప్పగలను గానీ పేర్లు చెప్పలేను."

పిల్ల నవ్వలేదట. "నా పెళ్లికి నేనే చుట్టపుచూపుగా వెళ్లేలా ఉన్నాను" అందట. అని, ఏడ్చిందట.

ఏడవడం ఎందుకు, చెప్పండి? ఇంతమంది ఇంత చేస్తుంటే!

మర్నాడు ల్యాబ్‌కు బయట తీసిన రక్తం ట్యూబు ఒకటి వచ్చింది. లేబుల్ మీద పేరుకు బదులు "మేడంగారి అన్నయ్య" అని ఉంది. మేడంగారంటే ల్యాబ్ ఓనరు. పేరు లేని ట్యూబు ఎవరిదైనా సరే ఎర్ర డబ్బాలో పడేయాల్సిందే. అది అక్కడి రూలు. పక్క టేబులు ఆవిడ బతిమాలింది. "ఆయనెవరో మనందరికీ తెలుసు కదే. పేరు కనుక్కుని మనమే రాసేద్దాం."

"తెలుసనుకున్న దగ్గరే తప్పులు జరుగుతాయి. మళ్లీ తీయించుకోమను" అని పిల్ల దాన్ని డబ్బాలో వేసింది. వేసి, కాసేపు ఆ డబ్బా వైపే చూస్తూ నిలబడిపోయిందట.

ఆదివారం పొద్దున అందరినీ ఇంటికి రమ్మంది. సోమవారం నుంచి కార్డులు పంచాలి కాబట్టి అందరం ఉత్సాహంగా వెళ్లాం. భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. కళ్లజోళ్ల అబ్బాయి కూడా వచ్చి ఓ మూల కూర్చున్నాడు. పిల్ల పొడుగు పుస్తకం తెరిచి, ఎర్ర పెన్ను మూత తీసింది.

"నేను ఒక్కొక్కరినీ చదువుతా. వాళ్ల పేరు చెప్పండి చాలు. ఉద్యోగం కాదు, ఇల్లు కాదు, పేరు. చెప్పగలిగితే ఉంచుతా."

ఇంతేనా అనుకున్నాం.

"పళ్ల డాక్టరు?"

"డాక్టరుగారే. ఆయనకి మళ్లీ పేరేమిటే?" అంది మా అక్క. ఎర్ర గీత పడింది.

"రెండో అంతస్తు కుక్కవాళ్లు?"

"ఆ కుక్క పేరు తెలుసే!"

"అయితే కుక్కను పిలుద్దాం" అని గీత కొట్టింది పిల్ల.

తరువాత ప్రెస్సు బాబాయి వంతు. ఆయన రాయించిన ఎనభై మందిలో పదకొండు మందికే పేర్లు తేలాయి. తక్కినవాళ్లంతా ఇంకు ఏజెన్సీ, కటింగ్ మిషన్, పేపరు గోడౌన్.

"హాలు మేనేజరు?"

"ఆయన్ని పిలవకపోతే ఎలా? నాకెంత గౌరవమిస్తాడో తెలుసా!" అంది అత్తయ్య.

"పేరు అత్తయ్యా?"

"నేనెప్పుడూ మేనేజరుగారూ అనే పిలుస్తానమ్మా" అంది నీరసంగా.

మా బావగారు మాత్రం కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్నారు. "నాన్నా, మీవాళ్లెవరినీ రాయించలేదేం?" అంది పిల్ల. "నీ అరవై మందిలో ఉన్నార్లే. చూశాను" అన్నారాయన, పేపరు దించకుండానే.

నాకు నవ్వాగడం లేదు. మనుషుల పేర్లు కూడా తెలియకుండా పెళ్లికి పిలిచేస్తారా వీళ్లు! పదాల మనిషిని కాబట్టి ఇలాంటి పొరపాటు నా వల్ల జరగదన్న ధీమాతో కాలు మీద కాలు వేసుకున్నాను.

"మామయ్యా, ఉపన్యాసం రాసేశారుగా. కాస్త చదవండి" అంది పిల్ల.

అడిగించుకోకుండానే చదివేవాణ్ణి, అడిగితే ఆగుతానా? పదకొండు కాగితాలు తీశాను, గొంతు సవరించుకున్నాను. "వినయానికి మారుపేరు, సుగుణాల రాశి, మా కుటుంబంలోకి అడుగుపెడుతున్న రత్నం, చిరంజీవి..."

ఆ తరువాత కాగితం మీద చుక్కలున్నాయి. తరువాత నింపుదామని పెట్టుకున్న చుక్కలు. ఇవాళ్టి దాకా నింపలేదు.

"చిరంజీవి?" అంది పిల్ల.

"అదే... మన కళ్లజోళ్ల అబ్బాయి..."

ఆ అబ్బాయి నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. కిందటి వారమే నా కళ్లజోడు మర ఊడిపోతే, షాపు మూసేశాక కూడా ఆగి బిగించి ఇచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు. ఉపన్యాసం గురించి, హాలు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆ కళ్లజోడులోంచి నా చుక్కలు నాకు మహా స్పష్టంగా కనిపించాయి.

పెళ్లికొడుకు పేరు కార్డు మీద అచ్చయి ఉంటుంది కదా అంటారా? ఫ్రీగా వచ్చిన కార్డు ఎవరు చదువుతారండీ!

సిగ్గేసింది. నిజంగానే తల దించుకున్నాను. పిల్ల ఎర్ర పెన్ను పట్టుకుని లేచింది. నా పేరు మీద గీత పడుతుందనుకున్నాను. కానీ పిల్ల తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. రెండు పేజీల పెళ్లి. అరవై పేర్లు. మూడో పేరు నాది. ఉపన్యాసం ఊసు రాకముందే, నేను ఏదీ ఫ్రీగా ఇవ్వకముందే రాసుకున్న పేరు.

"మీరు రండి మామయ్యా. వచ్చి కూర్చుని, భోంచేసి వెళ్లండి. ఏమీ చేయకండి" అంది.

హాలు వద్దని చెప్పేశాం. అత్తయ్య రెండు రోజులు మూతి ముడుచుకుంది, మూడో రోజు వెళ్లి మేనేజరు పేరు అడిగి తెలుసుకుంది. ప్రెస్సు బాబాయి గోడౌన్‌కు ఫోన్ చేసి, అవతలివాణ్ణి "ఇంతకీ తమరి పేరేమిటండీ" అని అడిగితే, ఇరవై ఏళ్ల తరువాత ఈయనకేమొచ్చిందని వాడు హడలిపోయాడట. పెళ్లి వచ్చే శుక్రవారం, హోటల్ మేడమీద. నేను చేతులూపుకుంటూ వెళ్తున్నాను. ఇంత కష్టమైన పని నా జన్మలో చేయలేదు.

ఆ అబ్బాయి పేరు మాత్రం తెలుసుకున్నాను. షాపు దాకా నడిచి వెళ్లి, కస్టమర్లంతా వెళ్లేదాకా బెంచీ మీద కూర్చుని, నేరుగా అతన్నే అడిగాను. అతను ఏమీ అనుకోకుండా చెప్పాడు. చక్కటి పేరు. మీకు కూడా చెప్పమంటారా? అంత కష్టపడి సంపాదించుకున్నది, ఫ్రీగా చెప్పను.